బెంగళూరు ట్రాఫిక్‌కి సెకండ్ హ్యాండ్ పోలో జీటీ: కొనే ముందు గేర్‌బాక్స్ లెక్క

తమ్ముడూ, నువ్వు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. ఉండేది హూడిలో, ఆఫీసు బెళ్ళందూరులో, రోజుకు రానూపోనూ 28 కిలోమీటర్లు. నెలకోసారి అనంతపురం వెళ్తావు. చేతిలో ఏడు లక్షలున్నాయి. 2016 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ (టర్బో పెట్రోల్, ఆటోమేటిక్) ఒకటి చూశావు. రెండో ఓనరు, 72 వేల కిలోమీటర్లు తిరిగింది, 6.25 లక్షలు అడుగుతున్నాడు. అలాంటిదే హైదరాబాద్‌లో 60 వేలు తక్కువకు ఉంది. ఇవి కాక 2021 పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ ఒకటి 7.4 లక్షలకు దొరుకుతోంది. ఏది తీసుకోవాలి, నెలకు ఎనిమిది వేలలో బండి నడుస్తుందా అన్నది నీ ప్రశ్న.

నా మాట ముందే చెప్పేస్తాను. బేరమాడి ఆ మాన్యువల్ తీసుకో. ఇంకో నెల ఆగి నలభై వేలు కూడబెట్టాల్సి వచ్చినా సరే, అదే తీసుకో. జీటీ టీఎస్ఐ మీద నాకు కోపం లేదు, అలాంటి బండ్లంటే ఇష్టంతోనే ఇన్నేళ్ళుగా వాటి చుట్టూ తిరుగుతున్నాను. కానీ నువ్వు ఆ కారును ఎక్కువగా నడపబోయేది మహదేవపుర, మారతహళ్ళి మధ్య అవుటర్ రింగ్ రోడ్డు మీద. ఆ గేర్‌బాక్స్‌కు అంతకంటే కష్టమైన చోటు ఉండదు.

ఎందుకో చెబుతాను. జీటీ టీఎస్ఐ 2013లో మన దేశంలోకి వచ్చింది. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవరు, 175 ఎన్ఎం టార్కు, ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే తనే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. మెకానిక్‌లు ఈ గేర్‌బాక్స్‌నే డీక్యూ200 అంటారు. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. 1, 3, 5, 7 గేర్లను ఒకటి చూసుకుంటుంది. 2, 4, 6, రివర్స్ రెండోది చూసుకుంటుంది. ఒక గేరులో వెళ్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది కాబట్టి హైవే మీద గేర్లు మారుతున్నట్టే తెలియదు. ఆ సుఖం నిజమే. అయితే ఈ రెండూ పొడి క్లచ్‌లు, వాటిని చల్లబరిచే ఆయిల్ చుట్టూ ఉండదు. ట్రాఫిక్‌లో నువ్వు బ్రేకు మీంచి కాలు కొంచెం తీసినప్పుడల్లా మొదటి క్లచ్ సగం పట్టి సగం జారుతూ బండిని పాకిస్తుంది. అలా జారినప్పుడల్లా వేడి పుడుతుంది. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర నలభై నిమిషాలు అలా పాకితే ఆ వేడికి పోయే దారి ఉండదు.

2013లో ఫోక్స్‌వ్యాగన్ ఇదే గేర్‌బాక్స్ ఉన్న 16 లక్షల కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచి, సింథటిక్ గేర్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయించింది. అది పాత కథ. తర్వాత వచ్చిన బండ్లు మెరుగయ్యాయి. కానీ పొడి క్లచ్ స్వభావం మాత్రం మారలేదు.

ఈ మాట పుస్తకం చదివి చెప్పడం లేదు. నా దగ్గర కొన్నేళ్ళు ఒక డ్యూయల్ క్లచ్ హ్యాచ్‌బ్యాక్ ఉండేది. ఏ కంపెనీదన్నది ఇక్కడ అవసరం లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున ఆరున్నరకు, ఖాళీ రోడ్డు మీద చేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కొన్న పదో నెలలో ఒక వానాకాలం సాయంత్రం ఇంటావిడ, పాప వెనక కూర్చుని ఉండగా, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే డ్యాష్‌బోర్డు మీద గేరు గుర్తు మిణుకుమంది. ఇంజిన్ తిరుగుతోంది, బండి కదలడం లేదు. వెనక లారీ, బస్సు, హారన్లు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తోయించి పక్కకు పెట్టించి, టోయింగ్ బండి కోసం రెండు గంటలు వానలో నిలబడ్డాం. తర్వాత విల్సన్ గార్డెన్‌లో మెకానిక్ క్లచ్ ప్యాక్ విప్పి నా చేతిలో పెట్టాడు. ఉక్కు పలక మీద అంగుళానికొకటి చొప్పున నీలం మచ్చలు, పెనం మాడినట్టు. ప్లేటు అంచు మీద గోరు పెట్టి చూస్తే అరిగిన మెట్టు తగిలింది. క్లచ్, మెకట్రానిక్ యూనిట్ (గేర్లను, క్లచ్‌లను నడిపే కంట్రోల్ యూనిట్) రెండూ మార్చేసరికి 1.9 లక్షలు అయింది. బండి కొన్నది 5.4 లక్షలకు.

నీ విషయంలోనూ అదే లెక్క. రెండు పోలోల మధ్య ధరలో తేడా 1.15 లక్షలు. జీటీ గేర్‌బాక్స్ ఒక్కసారి మొండికేస్తే ఆ తేడా మొత్తం పోయి ఇంకా చేతి నుంచి పడుతుంది. అది 72 వేలు తిరిగిన, తొమ్మిదేళ్ళు దాటిన బండి. మొదటి క్లచ్‌తోనే ఉందంటే మార్చే రోజు దగ్గరపడుతోందనుకో. మార్చారంటే బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.

ఇప్పుడు ఆ 1.0 టీఎస్ఐ సంగతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు 1.2 ఇంజిన్ స్థానంలో ఇది వచ్చింది. మూడు సిలిండర్లు, 999 సీసీ, 110 పీఎస్, టార్కు మాత్రం అదే 175 ఎన్ఎం. సిలిండరు తగ్గిందని పికప్ తగ్గుతుందేమోనని చాలామంది భయపడతారు. స్టార్ట్ చేసిన కొత్తలో కొంచెం వణుకు తెలుస్తుంది, అంతే. బాగేపల్లి దాటాక ఖాళీ రోడ్డు దొరికినప్పుడు నాలుగో గేరులో ఒకసారి తొక్కి చూడు, నీకే తెలుస్తుంది. ఆరు గేర్ల మాన్యువల్ కాబట్టి క్లచ్ అరిగినా మామూలు క్లచ్ ప్లేటు మార్చడమే, ఆ ఖర్చుకు ఇంత భయపడక్కర్లేదు. పోలో మన దగ్గర 2022లో ఆగిపోయినా ఇదే ఇంజిన్ కుటుంబం వర్టస్, టైగన్, స్లావియా, కుషాక్‌లలో ఉంది కాబట్టి ఇంజిన్ సామాను గురించి బెంగ లేదు. క్లచ్ తొక్కలేను, ఆటోమేటిక్ కావాలనుకుంటే ఇదే 1.0 ఇంజిన్‌తో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (పొడి క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే) ఆటోమేటిక్ కూడా వచ్చింది. డీఎస్‌జీ అంత చురుగ్గా మారదు, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. కానీ ట్రాఫిక్‌లో పాకడానికి దానికి ఏ ఇబ్బందీ లేదు. సేల్స్ వాళ్ళు అన్ని ఆటోమేటిక్‌లనూ ఒకే గాటన కట్టి చెబుతారు, నువ్వు మాత్రం ఏ గేర్‌బాక్సో అడిగి తెలుసుకో.

మిగతా బండ్ల గురించి కూడా అడుగుతావని తెలుసు. బలేనో ఆర్ఎస్ 2017లో వచ్చింది, 1.0 బూస్టర్‌జెట్, 102 పీఎస్, మాన్యువల్, వెనక కూడా డిస్క్ బ్రేకులు. 2020 మొదట్లో ఆపేశారు. తేలిక బండి, సర్వీసు చవక. తక్కువ ఖర్చే ముఖ్యమైతే నా రెండో ఓటు దీనికే. ఐ20 టర్బో 120 పీఎస్, బాగా లాగుతుంది. కానీ దాని ఏడు గేర్ల డీసీటీ కూడా డ్యూయల్ క్లచ్చే. దాని స్పోర్టీ వెర్షన్ ఎన్ లైన్‌లో మామూలు ఆరు గేర్ల మాన్యువల్ 2023 ఫేస్‌లిఫ్ట్‌లో గానీ రాలేదు, అది నీ బడ్జెట్ దాటుతుంది. టియాగో జేటీపీని టాటాతో కలిసి కోయంబత్తూరు జయెం వాళ్ళు చేశారు, 114 పీఎస్. ఎంతో సరదా అయిన బండి, కానీ రోడ్డు మీద తక్కువ ఉన్నాయి, దానికే ప్రత్యేకమైన బంపరు, బానెట్ పగిలితే వెతుక్కోవాలి. అబార్త్ పుంటో 145 పీఎస్, దాని స్టీరింగ్ పట్టుకున్నవాడు వేరే స్టీరింగ్‌ను మెచ్చుకోడు. ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్ళకు మాత్రమే చెబుతాను. ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసి ఏళ్ళయింది, ఒక సెన్సరు కోసం వారం రోజులు ఆఫీసుకు క్యాబ్‌లో వెళ్ళడం నీకు కుదరదు.

హైదరాబాద్ బండి వద్దు. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ తేవాలి, కర్ణాటక లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇక్కడ ఐదు నుంచి పది లక్షల కొత్త కారుకు ట్యాక్స్ 14 శాతం, పైన సెస్సు. పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారు, అయినా నువ్వు మిగిలిందనుకున్న 60 వేలు అందులోకే పోతాయి. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు, కానీ దాని కోసం సెలవులు పెట్టి తిరగాలి. ఊరికి వెళ్ళొచ్చే బండేలే అని ఏపీ నంబరుతో నెట్టుకొద్దామని మనవాళ్ళు చాలామంది చూస్తారు. దారిలో ఆపినప్పుడల్లా టోల్ రసీదులు చూపించి బతిమాలుకోవడం ఎందుకు? కేఏ నంబరు బండే చూడు.

నెలకు ఎనిమిది వేలన్నావు. అది పెట్రోలుకే చాలదు. ఇరవై రెండు రోజుల ఆఫీసుకు 616 కిలోమీటర్లు. సిటీలో లీటరుకు పది వస్తే నా లెక్కలో మంచి మైలేజీ, అంటే 62 లీటర్లు. అనంతపురం రానూపోనూ 430, హైవేలో పదహారు చొప్పున 27 లీటర్లు. మొత్తం 90 లీటర్లు అనుకో, 103 రూపాయల లెక్కన 9,270. ఏడాదికి లక్షా పదకొండు వేలు. జీటీ టీఎస్ఐకి కంపెనీ సర్టిఫికెట్ మీద ఉన్న 17.21 మైలేజీ మారతహళ్ళి బ్రిడ్జి కింద ఎవరికీ రాదు.

సర్వీసుకు 18 వేలు పెట్టుకో. కంపెనీ 15 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమంటుంది. నేను టర్బో పెట్రోల్ బండికి ఎనిమిది వేలకే మారుస్తాను. ఇక్కడ మీటరు మీద ఎనిమిది వేలు తిరిగేలోగా ఇంజిన్ నిలబడి తిరిగిన గంటలు చాలా ఉంటాయి, ఆయిల్‌కు తెలిసేది ఆ గంటలే. 16 అంగుళాల చక్రాలున్న బండికి 195/55 ఆర్16 టైర్లు నాలుగు మంచివి వేస్తే 30 వేలు, నలభై వేల కిలోమీటర్లు వస్తాయి, ఏడాదికి తొమ్మిది వేలు పడుతుంది. మన గుంతలకు ఇలాంటి పొట్టి టైరు పక్క గోడ ఉబ్బడం మామూలే, గుంత కనిపిస్తే పక్కవాడు తిట్టినా సరే స్లో చెయ్.

ఇన్సూరెన్స్ 20 వేల ప్రాంతం. ఇందులో రెండు సంగతులు చాలామందికి తెలియవు. థర్డ్ పార్టీ ప్రీమియం సీసీని బట్టి ఉంటుంది: వెయ్యి సీసీ లోపు 2,094 రూపాయలు, వెయ్యి దాటి 1500 దాకా 3,416, పైన జీఎస్టీ. 999 సీసీ ఇంజిన్ కింది స్లాబులో పడుతుంది. రెండోది, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనిషితో పోతుంది, బండితో రాదు. అమ్మేవాడు యాభై శాతం బోనస్‌తో తక్కువ ప్రీమియం కట్టిన పాలసీ చూపిస్తే అదే నీకూ వస్తుందని అనుకోకు. ఆర్సీ నీ పేరు మీదకు మారిన పద్నాలుగు రోజుల్లో పాలసీ కూడా మార్చుకో. లేదంటే నీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ ఇబ్బంది అవుతుంది.

ఇవన్నీ కూడితే 1.58 లక్షలు. దీని మీద ఏడాదికి 40 వేలు పక్కన పెట్టు. సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ, ఏసీ, వాటర్ పంపు, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. అప్పుడు రెండు లక్షలకు కాస్త తక్కువ, నెలకు పదహారున్నర వేలు. ఈఎంఐ వేరు. ఈ అంకె చూసి గుండె గుభేల్‌మంటే బండి కొనడం ఆరు నెలలు వాయిదా వేయడంలో తప్పులేదు. కొన్నాక చేతిలో ఒక్క రూపాయి లేకుండా టర్బో బండిని మేపడం చాలా కష్టం, బ్రేక్ ప్యాడ్లు వాయిదా వేసుకుని తిరిగిన కుర్రాళ్ళను చూశాను.

పెట్రోలు గురించి ఒక్క మాట. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు) తగిన పైపులు, సీళ్ళు వేశారు. నువ్వు చూస్తున్న రెండూ అంతకు ముందువి. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, అందుకే పైన పదే వేశాను. ఫ్యూయల్ పైపుల జాయింట్ల దగ్గర తడి, వాసన ఉందేమో ప్రతి సర్వీసులోనూ చూడమని చెప్పు. బండిని వారాల తరబడి నిండు ట్యాంకుతో నిలబెట్టకు.

ఇక చూడ్డానికి వెళ్ళినప్పుడు. నువ్వు వస్తున్నట్టు చెప్పిన టైమ్‌కు అరగంట ముందే వెళ్ళు. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు చేసే చప్పుడు నీకు వినిపించకూడదని ముందే తిప్పి ఉంచారన్నమాట. మర్యాదగా రేపు పొద్దున వస్తానని చెప్పి వచ్చేయ్. బానెట్ ఎత్తాక ఫెండర్ బోల్టుల తలల మీద పెయింట్ గీసుకుపోయి ఉందా చూడు, ఉంటే ఆ ఫెండర్ విప్పారు, టింకరింగ్ పని జరిగింది. అన్ని అద్దాల మూలన తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది, ఒక్కటే తేడాగా ఉంటే ఎందుకు మార్చారో అడుగు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ ఐదేళ్ళు దాటినవైతే 30 వేలు బేరంలో తగ్గించుకో.

నీళ్ళలో మునిగిన బండి సంగతి బెంగళూరులో తేలిగ్గా తీసుకోకూడదు. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లలో బండ్లు ఎలా తేలాయో చూశాం. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులో చెన్నైలోనూ అంతే. అలాంటివి కడిగి, పాలిష్ చేసి, సీటు కవర్లు మార్చి వేరే ఊళ్ళో అమ్మేస్తుంటారు. వెనక సీటు బెల్టు చివరిదాకా లాగు, అంత దాకా ఎవరూ కడగరు. రీలు దగ్గర భాగంలో బురద గీత, బూజు మచ్చ ఉంటే అక్కడితో ఆపెయ్. స్టెప్నీ తీసి కింద గుంతలో వేలు పెట్టి చూడు. ముందు సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు ఉన్నా అంతే.

జీటీ మీదే మనసుంటే, గేర్‌బాక్స్ పరీక్ష ఖాళీ రోడ్డు మీద చేయకు. నేను చేసిన తప్పు అదే. సాయంత్రం ఆరున్నరకు రింగ్ రోడ్డు మీద నలభై నిమిషాలు నడుపు, బాగా వేడెక్కనీ. తర్వాత ఏదైనా బేస్‌మెంట్ ర్యాంపు మధ్యలో ఆపి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి ఎక్కించు. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు స్టీరింగ్‌లోకి, సీటులోకి వణుకు వస్తే క్లచ్ అయిపోవచ్చింది. రివర్స్ వేశాక ఒక క్షణం ఆలోచించి దబ్బుమని పట్టుకుంటే మెకట్రానిక్ చూపించాలి. ఈ బ్రాండ్ బండ్ల పని తెలిసిన గ్యారేజీలో స్కాన్ చేయించు. క్లచ్ ఎంత అరిగింది, ఎన్నిసార్లు వేడెక్కింది, వేరే మాడ్యూళ్ళలో ఉన్న కిలోమీటర్లు మీటరుతో కలుస్తున్నాయా, అన్నీ అందులో తెలుస్తాయి. రెండు మూడు వేలు అవుతుంది, అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే నీకు జవాబు.

రీమ్యాప్ (పవరు పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లో మార్పులు) చేయించిన బండేమో కూడా అప్పుడే అడుగు. పాత ఓనరు మళ్ళీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయించి అమ్ముతుంటాడు, కానీ ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పులు విరిగి ఉండటం, ఎగ్జాస్టులో కొత్త వెల్డింగ్, క్యాట్ (పొగను శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్) ఉండాల్సిన చోట ఖాళీ పైపు కనిపిస్తాయి. ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా చేసిన మార్పుల వల్ల క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. ఇంకొకరు వేడి చేసి వదిలిన టర్బోను నువ్వు మార్చుకోవాల్సి వస్తుంది.

ఆ 2021 మాన్యువల్‌కు కూడా ఇవన్నీ చెయ్, గేర్‌బాక్స్ దగ్గర మాత్రం క్లచ్ ఎంత పైన పడుతోందో, మూడో గేరులో తొక్కినప్పుడు ఆర్‌పీఎం ఒక్కటే పైకి లేస్తోందేమో చూస్తే చాలు. సర్వీసు హిస్టరీ తెప్పించుకో, హైపోథికేషన్ (ఆర్సీలో రాసిన బ్యాంకు లోను) తీసేశారా, చలాన్లు ఉన్నాయా చూడు. 7.4 అన్నవాడికి టైర్లు, వచ్చే సర్వీసు చూపించి 6.9 దగ్గర మొదలుపెట్టు, 7.1కి దిగితే తీసేసుకో. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు స్కాన్ రిపోర్టు, ఆర్సీ, నాలుగు టైర్ల ఫొటోలు ఇక్కడ పెట్టు. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగానే ఉంటాను, చూసి చెబుతాను.